సెంచరీ కొట్టాం... మ్యాచ్ పోయింది!

ఉప్పల్‌లో భారత్ ఆడిన తొలి మూడు వన్డేల్లోనూ మనవాడొకరు సెంచరీ కొట్టాడు. మూడూ ఓడిపోయాం. ఆ తర్వాతి మూడింట్లో మనవాళ్లెవరూ వంద చేరలేదు. మూడూ గెలిచాం! కాకతాళీయమా? కొంత అవును. కానీ పూర్తిగా కాదు.

ఆదివారం పొద్దున్నే మెహదీపట్నం నుంచి చేవెళ్ల వైపు బయల్దేరితే మొయినాబాద్ దగ్గరకొచ్చేసరికి సిటీ వాసన తగ్గిపోతుంది. మర్రిచెట్లకు పేరుపడ్డ బీజాపూర్ రోడ్డు అది. లోపలికి తిరిగితే కూరగాయల మళ్లు, పూలతోటలు, ఫామ్‌హౌస్‌లు... వాటి మధ్య అక్కడక్కడా పచ్చటి క్రికెట్ మైదానాలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో తెచ్చిన జీవో 111 ఈ చుట్టుపక్కల 84 గ్రామాల్లో పెద్ద భవనాలకు ఏళ్ల తరబడి అడ్డుకట్ట వేసింది. అలా మిగిలిన ఖాళీ జాగా క్రికెట్‌కు కలిసొచ్చింది. ఆడుకోవడానికి గజం చోటు దొరకని సిటీ కుర్రాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మైదానాన్ని అద్దెకు తీసుకుని వారం వారం ఇక్కడికొస్తారు. రంగు దుస్తులు, తెల్లబంతి, అంపైర్లు... ఓవర్లు తక్కువేగానీ హడావుడి మాత్రం అచ్చం వన్డేదే.

జబ్బు కూడా వన్డేదే! ఒకడు ఒక పక్క నిలబడి దంచేస్తుంటాడు. రెండో పక్క నుంచి ఒక్కొక్కరే వచ్చి చెట్టుకింది కుర్చీల్లోకి తిరిగి వెళ్లిపోతుంటారు. సాయంత్రం ఇంటికెళ్లాక 'ఎన్ని కొట్టావురా?' అనడిగితే ఠక్కున జవాబొస్తుంది. 'మరి గెలిచారా?' అంటేనే నీళ్లు నములుతారు.

ఇది మొయినాబాద్‌లో పుట్టిన జబ్బేమీ కాదు. నగరానికి అటు చివరనున్న ఉప్పల్‌లో సాక్షాత్తూ భారత జట్టే దీంతో నాలుగేళ్లు తిప్పలు పడింది.

అంతకుముందు హైదరాబాద్ వన్డే అంటే లాల్‌బహదూర్ స్టేడియమే. అక్కడ చివర్లో అన్నీ మంచి రోజులే. 1999 నవంబరు 8న న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగులు జోడించారు. 2003లో మళ్లీ న్యూజిలాండే... సెహ్వాగ్, సచిన్ చెరో సెంచరీ. 145 పరుగులతో గెలుపు. తర్వాత మ్యాచ్‌లు ఉప్పల్‌కు మారాయి. అదృష్టం మాత్రం వెంట రాలేదు.

మూడు వందలు... మూడు ఓటములు

2005 నవంబరు 16. దక్షిణాఫ్రికాతో మ్యాచ్. మన టాపార్డర్ టపటపా కూలిపోతే యువరాజ్ ఒంటిచేత్తో నిలబెట్టాడు. 103 పరుగులు. జట్టు స్కోరు 249. మంచి స్కోరేలే అనుకుంటుండగానే అవతలివాళ్లు ఐదు వికెట్లే పోగొట్టుకుని కొట్టేశారు.

2007 అక్టోబరు 5. ఈసారి ఆస్ట్రేలియా. లక్ష్యం 291. పదమూడు పరుగులకే మూడు వికెట్లు! మళ్లీ యువరాజే దిక్కయ్యాడు. 121 కొట్టాడు. సచిన్ 43. మిగతావాళ్లందరివీ, ఎక్స్‌ట్రాలూ కలిపితే 79. మొత్తం 243కి ఆలౌట్. 47 పరుగులతో ఓటమి.

ఇక 2009 నవంబరు 5... టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరూ ఇప్పటికీ మర్చిపోలేని రాత్రి. ఆస్ట్రేలియా 4 వికెట్లకు 350 చేసింది. షాన్ మార్ష్ 112, వాట్సన్ 93. మన బౌలర్ల సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. అంత స్కోరు చూసి సగంమంది ఆశ వదిలేసుకుంటే సచిన్ వదల్లేదు. 36 ఏళ్ల వయసులో 141 బంతుల్లో 175! వన్డేల్లో 17 వేల పరుగుల మైలురాయినీ ఆ రాత్రే దాటేశాడు. రైనా 59 చేసి చాలాసేపు తోడున్నాడు. 17 బంతుల్లో 19 పరుగులు చేస్తే చాలు. అప్పుడు మెకాయ్ వేసిన బంతిని సచిన్ వెనక్కి తిప్పబోయాడు. క్యాచ్! ఆ మెకాయ్‌కి అదే తొలి వన్డే. చేతిలో మూడు వికెట్లున్నా ఆ పంతొమ్మిది పరుగులు రాలేదు. రనౌట్లతో కంగారు పడి 347 దగ్గర ఆగిపోయాం. మూడంటే మూడే పరుగుల తేడా. 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' సచిన్‌కే ఇచ్చారు. ఆ బహుమతి అందుకుంటున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం ఎవరికీ కనిపించలేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

వన్డే అంటే 300 బంతులు. సెంచరీ వీరుడు వాటిలో నూటపాతికో నూటనలభయ్యో ఆడితే మిగతా సగానికి పైగా బంతులు ఇతరుల చేతిలోనే ఉంటాయి. అక్కడ ముప్ఫైలు, నలభైలు రాకపోతే వంద కూడా చిన్నదైపోతుంది. 2009 మ్యాచే చూడండి. సచిన్, రైనా, సెహ్వాగ్‌ల పరుగులు పక్కనపెడితే మిగిలిన ఎనిమిదిమందివీ, ఎక్స్‌ట్రాలూ కలిపి 75. వాళ్లలో ఒక్కరు ఇంకో నాలుగు పరుగులు చేసి ఉంటే...!

మరి గెలుపు ఎప్పుడొచ్చింది? 2011 అక్టోబరు 14న, ఇంగ్లండ్ మీద. ధోనీ 87 నాటౌట్, రైనా 61. వంద ఎవరిదీ లేదు. జట్టు మాత్రం 300 చేసింది. జడేజా, అశ్విన్ చెరో మూడు వికెట్లు తీస్తే ఇంగ్లండ్ 174కే చాపచుట్టేసింది.

2014లో శ్రీలంక వచ్చినప్పుడు చూడాలి తమాషా. మన జబ్బు వాళ్లకంటుకుంది! జయవర్ధనే 118 కొడితే జట్టంతా కలిసి 242. ధావన్ 91, కోహ్లి 53తో మనవాళ్లు ఆరు వికెట్లతో గెలిచేశారు. 2019 మార్చి 2న ఆస్ట్రేలియాపై 237 లక్ష్యం. 99కి నాలుగు వికెట్లు పడ్డాయి. పాత ఉప్పల్ అయితే అక్కడితో కథ కంచికే. కేదార్ జాదవ్, ధోనీ తొందరపడలేదు. ఒకటీ రెండూ తీసుకుంటూ, చెడ్డ బంతి దొరికితే కొడుతూ 141 పరుగులు జోడించి మ్యాచ్ ముగించారు. కేదార్ 81, ధోనీ 59. ఇద్దరూ నాటౌట్.

అలాగని మధ్య ఓవర్ల గండం తీరిపోయిందనుకుంటే పొరపాటే. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్. వరుసగా పది గెలిచి వచ్చిన జట్టు మధ్యలో 97 బంతులపాటు ఒక్క బౌండరీ కొట్టలేకపోయింది. 240 దగ్గర ఆగిపోయింది. కప్పు చేజారింది.

అదే ఏడాది జనవరి 18న ఉప్పల్ తన పాత బుద్ధి మరోసారి చూపించబోయింది. న్యూజిలాండ్‌పై శుభ్‌మన్ గిల్ 149 బంతుల్లో 208. మనవాళ్లలో రెండో అత్యధిక స్కోరు రోహిత్ 34! అయినా మొత్తం 349. అటు 131కి ఆరు వికెట్లు పడటంతో జనం బస్సుల వేళలు లెక్కేసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు బ్రేస్‌వెల్ లేచాడు. 78 బంతుల్లో 140. శాంట్నర్‌తో కలిసి 162 పరుగులు. సొంతూళ్లో తొలి వన్డే ఆడుతున్న టోలిచౌకి కుర్రాడు సిరాజ్ ఆ జోడీని విడదీశాడు. ఆటోడ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో ఆట మొదలుపెట్టినవాడు. ఆ రాత్రి 46 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. అయినా ఊపిరి ఆడలేదు. చివరి ఓవర్లో 20 పరుగులు కావాలి. శార్దూల్ వేసిన మొదటి బంతి సిక్సర్. తర్వాతది వైడ్. ఆ తర్వాత బంతికి బ్రేస్‌వెల్ ఎల్బీడబ్ల్యూ. పన్నెండు పరుగులతో బయటపడ్డాం.