రాగి మెరుపు కింద సీసం

అమెరికాలోని మన తెలుగు సంఘం కుటుంబాల్లో షూటింగ్ రేంజికి వెళ్లేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చాక ఆడపిల్లలూ ఉత్సాహపడుతున్నారు. తెలంగాణలోని కోనసముద్రంలో చేసిన ఉక్కును పర్షియా దాకా పంపిన గడ్డ మనది, లోహవిద్య మనకు కొత్త కాదు. నేను పూతల పరిశ్రమలో పనిచేస్తాను కాబట్టి చవక తూటాల గురించి రాయమని కమిటీ అడిగింది.

జాకెట్ తూటాకు 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు కలిసిన రేకును గిన్నెలా సాగదీసి, అందులో సీసం దిమ్మను బిగిస్తారు. ప్లేటెడ్ తూటాకు ఆ సీసం దిమ్మనే రాగి ద్రావణంలో ముంచి, కరెంటు పారించి పూత పట్టించి, అచ్చులో నొక్కి కొలతకు తెస్తారు. చిలకలపూడి నగలు ఎరిగినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది: ఒకటి రోల్డుగోల్డు, రెండోది గిల్టు. పూత పలచన, మెత్తన. పిస్తోలు వేగానికి చాలు. సెకనుకు 1,200 అడుగుల దరిదాపుల్లో చాలామంది తయారీదార్లు హద్దు గీస్తారు. 3,000 అడుగులు దాటే .223 క్యాలిబరు రైఫిలుకు జాకెట్టే కావాలి.

రాగి రంగున్న జాకెట్లలో ఉక్కువి కూడా ఉంటాయి, పైన రాగి పొర మాత్రమే. వాటిని చాలా ఇండోర్ రేంజిలు అయస్కాంతం పెట్టి చూసి వెనక్కి పంపేస్తాయి. కొనేముందు మీరూ పెట్టి చూడండి.

అసలు భయపడాల్సింది సీసానికి. మామూలు జాకెట్ తూటా అడుగున మూత ఉండదు. మందు మండిన వేడి వాయువు ఆ సీసాన్ని నేరుగా తాకి, ఆవిరిగా, ధూళిగా లేపుతుంది. ప్లేటెడ్ తూటాకు అడుగు కూడా మూసే ఉంటుంది, ఆ మేరకు నయం. అంతమాత్రాన సీసం లేదనుకోకూడదు. తూటా వెనక ప్రైమరులో ఉండేది చాలావరకు లెడ్ స్టిఫ్నేట్, అంటే సీసం సమ్మేళనమే. పేల్చిన ప్రతిసారీ ఆ పొగ చేతుల మీద, జుట్టులో, చొక్కా మీద దిగుతుంది. మనం అన్నం చేత్తో కలుపుకుని తినేవాళ్లం, పిల్లలకు అదే చేత్తో ముద్దలు పెట్టేవాళ్లం.

మా పాపకు రెండేళ్లప్పుడు మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం 6 మైక్రోగ్రాములు వచ్చింది. డెసిలీటరుకు 3.5 ఉన్నా పట్టించుకోవాలని 2021 నుంచి ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. డాక్టరు ముందు పసుపు, కుంకుమ, కాటుక గురించి అడిగారు. అవన్నీ బాగానే ఉన్నాయి. చివరికి రేంజి సంచీ పెట్టే కార్పెట్టు మూలలో ధూళి దొరికింది. మా ఇంట్లో వాడింది ప్లేటెడ్ తూటాలే.

ఇండోర్ రేంజికైతే పెట్టె మీద టోటల్ మెటల్ జాకెట్ (అంటే అడుగు కూడా మూసినది), లెడ్‌ఫ్రీ ప్రైమర్ అని రెండూ ఉన్నది కొనండి. తూటా అడుగు మందుండే గొట్టంలో దాగి ఉంటుంది, కంటికి కనబడదు కాబట్టి పెట్టె చదవడమే దారి. రేంజి వదిలేముందే, ఫోను ముట్టుకోకముందే, చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి మోచేతుల దాకా కడగండి. బట్టలు విడిగా ఉతకండి. చెప్పులు గడప బయటే విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మనేవారు మన అమ్మమ్మలు. ఆ ఆచారాన్ని ఇక్కడ గ్యారేజీ కుళాయి దగ్గర నిలబెడదాం, పిల్లలకూ నేర్పుదాం. స్నానం అయ్యేదాకా పసివాళ్లను ఎత్తుకోవద్దు.

ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలుంటే మీరు రేంజికి వెళ్తారని పిల్లల డాక్టరుకు చెప్పి పరీక్ష అడగండి. వేలు గుచ్చి తీసిన రక్తంలో ఎక్కువ వస్తే, వేలికి అంటిన ధూళి వల్ల కూడా అలా రావచ్చు. సిర నుంచి తీసిన రక్తంతో మళ్లీ చేయించండి.