దోముహానీ నుండి సముద్రం దాకా

జంషెడ్‌పూర్ నగరంలోని సోనారి ప్రాంతంలో దోముహానీ అనే చోట రెండు నదులు కలుస్తాయి. మయూర్‌భంజ్ కొండల నుండి వచ్చే ఖర్కాయి ఒకటి. రాంచీ సమీపాన నగడీ గ్రామం వద్ద పుట్టి, హుండ్రూ దగ్గర 98 మీటర్ల ఎత్తు నుండి దూకి వచ్చే సువర్ణరేఖ రెండవది. ఆ సంగమానికి పది నిముషాల నడక దూరంలో నా బాల్యమిత్రుని ఇల్లు ఉంది.

అతని తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన తొలితరం వారిలో ఒకరు. మిత్రుడు సోనారిలోనే పుట్టి, ఆ ఊళ్ళోనే ఉద్యోగం చేసి, నిరుడు పదవీ విరమణ పొందాడు. నేను మన సంస్థలో చేరి ఆ ఊరు విడిచి ముప్పై ఏళ్ళు దాటింది. విశాఖపట్నంలో స్థిరపడిన అతని పిల్లలు ఇల్లు అమ్మి తమ వద్దకు వచ్చేయమని పట్టుబడుతున్నారు. సంక్రాంతి వెళ్ళాక జవాబు చెబుతానని వారికి మాట ఇచ్చి, నాకు ఫోను చేశాడు. "అరవై ఏళ్ళుగా ఈ ఏటి నీళ్ళు తాగుతున్నానురా. ఇవి ఎక్కడికి పోతాయో ఒక్కనాడూ చూడలేదు. వస్తావా?"

వెళ్ళేసరికి వాకిట్లో ఒక పాత వ్యాను సిద్ధంగా ఉంది. వాహనం కట్టడాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి చట్టం ఒప్పుకోదు గనుక సీట్లు తీయకుండా, రాత్రిపూట వాటిపై పరచుకునేందుకు చెక్కపలకలు చేయించాడు. ఒక చిన్న గ్యాసు పొయ్యి, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా, దోమతెర, కిటికీలకు పాత చీరలతో కుట్టిన తెరలు. ఇల్లాలి పనితనం ఆ తెరలలోనే కనిపించింది.

సంక్రాంతి నాడు దోముహానీ ఒడ్డున టుసు పండుగ చూశాం. వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించి కట్టిన చౌడళ్ళను ఆడపిల్లలు పాడుతూ తెచ్చి నీటిలో విడిచారు. మరునాడే బయలుదేరుదామంటే అతని భార్య ఒప్పుకోలేదు. "కనుమనాడు కాకైనా కదలదంటారు, అన్నయ్యగారూ! మీరైనా చెప్పండి" అన్నారు. ముక్కనుమ నాటి వేకువన, ఒక డబ్బా నిండా అరిసెలతో కదిలాం.

18వ నెంబరు జాతీయ రహదారిపై గాలూడీ చేరేసరికి పొద్దెక్కింది. అక్కడి బ్యారేజీ దిగువన నది రాళ్ళ మధ్య పాయలుగా చీలిపోతుంది. ఈ నదీతీరపు పల్లెల్లో ఇసుకను కొయ్యపళ్ళేలలో కడిగి బంగారు రేణువులు ఏరడం తరతరాల వృత్తి. నదికి ఆ పేరు ఊరికే రాలేదు. రోజంతా నీళ్ళలో వంగి పనిచేసినా దొరికేది నలుసంతే. ఆ శ్రమ తలచుకుంటే పేరులోని బంగారం కొంత వెలవెలబోతుంది.

ఘాట్‌శిల దగ్గర మౌభండార్ రాగి కర్మాగారం ప్రభుత్వరంగంలో పనిచేసే మనవంటి వారికి ఆసక్తి కలిగిస్తుంది. బ్రిటిష్ యాజమాన్యంలోని ఇండియన్ కాపర్ కార్పొరేషన్ 1972లో జాతీయమై హిందుస్థాన్ కాపర్‌లో కలిసింది. అదే ఊళ్ళో ‘పథేర్ పాంచాలీ’ రచయిత విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నివసించిన ‘గౌరీకుంజ్’ ఉంది. ఆయన 1950లో ఘాట్‌శిలలోనే కన్నుమూశారు. ఆ ఇంటి ముందు మిత్రుడు చాలాసేపు నిలబడ్డాడు. "ఈయన కూడా పుట్టింది ఇక్కడ కాదు కదూ?" అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రం బహరాగోరా దారిలో, వరికోతలు ముగిసిన పొలం పక్కన వ్యాను ఆపి అన్నం వండుకోబోయాం. టీకొట్టు ముసలాయన పరుగున వచ్చి బండిలోకి తొంగిచూసి, అరిసెల డబ్బా వైపు వేలు చూపాడు. దల్మా అడవుల ఏనుగులు పంటకాలంలో ఈ వైపు గుంపులుగా తిరుగుతాయి. బెల్లం, బియ్యం వాసన తగిలితే గోడలనే కూలుస్తాయి, ఈ రేకుల బండి ఎంత? పొయ్యి ఆర్పి, సగం ఉడికిన అన్నంతోనే పెట్రోలు బంకు చేరి దీపాల వెలుగులో పడుకున్నాం. కృతజ్ఞతగా ముసలాయనకు అరిసెలు ఇవ్వబోతే ముందు వద్దన్నాడు, తరువాత మనుమలకని నాలుగు తీసుకున్నాడు.

మూడవనాటికి జలేశ్వర్ మీదుగా కీర్తనియా రేవు చేరాం. మూడు రాష్ట్రాలలో సుమారు 395 కిలోమీటర్లు ప్రవహించిన సువర్ణరేఖ అక్కడ బురదరంగులో, చేపల పడవల మధ్య, ఏ సందడీ లేకుండా బంగాళాఖాతంలో కలుస్తోంది. మిత్రుడు ప్యాంటు మడిచి మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, దోసెడు నోట పోసుకుని వెంటనే ఉమ్మేశాడు. "ఉప్పన!" అని పకపకా నవ్వాడు. ఆ మూడు రోజుల్లో అతను అలా నవ్వడం అదే మొదటిసారి.

తిరుగుదారిలో 16వ నెంబరు రహదారి తగిలింది. శ్రీకాకుళం, విశాఖల మీదుగా మద్రాసు దాకా పోయే బాట అది. ఇంజను ఆపకుండానే బండిని పక్కకు నిలిపి, దక్షిణంగా పోతున్న లారీలను చూస్తూ పది నిముషాలు కూర్చున్నాడు. నేను కదిలించలేదు.

"తాత ఎప్పుడూ అటు తిరిగి చూడలేదురా" అంటూ బండిని సోనారి దారికి మళ్ళించాడు. ఆ రాత్రి ఇల్లు చేరగానే కొడుకుకు ఫోను చేసి, వేసవికి పిల్లల్ని తీసుకుని రమ్మన్నాడు. ఇల్లు అమ్మే మాట ఎత్తలేదు.