కుక్కకు వాంతులు, వణుకు ఎందుకు వస్తాయి?

బల్ల మీద పెట్టిన చాక్లెట్ మాయమైంది. కొన్ని గంటలకు మీ కుక్క వాంతి చేసుకుంది. కాసేపటికి కాళ్లు వణకసాగాయి. మనల్ని ఏమీ చేయని చాక్లెట్ దానికెందుకు విషమైంది?

కోకో గింజల్లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన కాలేయం దాన్ని త్వరగానే వదిలించుకుంటుంది. కుక్క కాలేయానికి అంత వేగం లేదు. ఒంట్లో చేరినదాంట్లో సగం తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. అంతసేపూ అది రక్తంలో తిరుగుతూ గుండెను పరుగెత్తిస్తుంది. నరాలను నెమ్మదింపజేసే అడినోసిన్‌ను పనిచేయనివ్వదు. అందుకే ముందు వాంతులు, ఆ తర్వాత వణుకు. మోతాదు మించితే ఫిట్స్ కూడా వస్తాయి. డార్క్ చాక్లెట్‌లో థియోబ్రోమిన్ ఎక్కువ, కాబట్టి ప్రమాదమూ ఎక్కువే.

అయితే ప్రతిసారీ తప్పు చాక్లెట్‌దే కాదు. కొన్ని షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. ఎలుకల మందు, పురుగుల మందు, వడదెబ్బ కూడా కారణం కావచ్చు. టీకాలు వేయించని కుక్కపిల్లకైతే డిస్టెంపర్ వైరస్ సోకి ఉండవచ్చు.

ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని మాత్రం చూడకండి. ఒంట్లో ఉప్పు పెరిగి అసలుకే మోసం వస్తుంది. వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. చాక్లెట్ రేపర్ దొరికితే వెంట తీసుకెళ్లడం మరవద్దు. అది ఏ రకమో, ఎంత తిన్నదో, కుక్క బరువెంతో చూసే డాక్టర్ ప్రమాదాన్ని అంచనా వేస్తారు.