కళ్లంలోని ఎద్దు, కాపరి జీతం

నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయరాదన్న విధిని (ద్వితీ. 25:4) మనం ఎక్కువగా కాపరి జీతం గురించి బోధించేటప్పుడే తెరుస్తాము. పౌలూ అలాగే అన్వయించాడు గదా (1 కొరింథీ. 9:9)! అయితే ఆయన వాదన చిన్నదాని నుండి పెద్దదానికి సాగుతున్నదని నా అభిప్రాయం. ఎద్దుకే మేత హక్కైతే సేవకునికి మరి నిశ్చయంగా హక్కే. ఎద్దును తొలగిస్తే వాదనకు ఆధారమే పోతుంది.

ఆంగ్లికన్ గురువు ఆర్థర్ బ్రూమ్ 1824లో లండన్‌లో జంతుహింస నివారణ సొసైటీ స్థాపనకు పూనుకొని, దాని అప్పుల నిమిత్తం 1826లో చెరసాల పాలయ్యాడు.

మనిషికీ పశువుకూ భేదమే లేదనే హక్కుల వాదాన్ని ఆది. 1:27 అంగీకరించదు. హింసించే స్వేచ్ఛను కూడా అది మనకివ్వదు. మరి కోతపండుగ కానుకగా కాళ్లు కట్టి, తలక్రిందులుగా వ్రేలాడదీసి తెచ్చే కోళ్ల సంగతి? అనవసరమైన బాధ కలిగేలా ఏ ప్రాణినైనా మోసుకుపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరమే. గంపలో తెమ్మని ముందటి ఆదివారమే ప్రకటనలలో చెప్పవచ్చు.