అలాస్కా జింకు: ఓడ కదలాలంటే ఊరి పెద్దల మాట కావాలి

విశాఖలో జింకు కరిగించడం 2012తో ఆగిపోయింది. రాజస్థాన్ నుంచి వచ్చే దిమ్మెల ధర కూడా లండన్ బజారును బట్టే నడుస్తున్నది. ఆ లండన్ ధరను కదిలించగల గనులలో ఒకటి ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, అలాస్కా వాయవ్య మూలన వున్న రెడ్ డాగ్. 2022, 2023, 2024 సంవత్సరాలు మూడింటిలోనూ అక్కడ 5 లక్షల టన్నులకు పైగా జింకు తీశారు. అంత సరుకూ ఏడాదికి సుమారు వంద రోజుల్లోనే ఓడ ఎక్కాలి. జూలై నుంచి అక్టోబరు దాకా తప్ప మిగతా కాలమంతా సముద్రం గడ్డకట్టి వుంటుంది.

ఈ గని భూమి ఇనూపియాట్ తెగవారిది. 1971లో అమెరికా ప్రభుత్వం అలాస్కా ఆదివాసుల హక్కులను చట్టం చేసి, 4 కోట్ల 40 లక్షల ఎకరాలూ, 96 కోట్ల డాలర్లకు పైగా నగదూ ఇచ్చింది. భూమిని ఊళ్ళకూ, ప్రాంతీయ కార్పొరేషన్లకూ పంచింది. అట్టి కార్పొరేషన్లలో నానా ఒకటి. తెగవారే దాని వాటాదారులు. ఖనిజమున్న కొండలను నానా ఏరి తీసుకున్నది.

1982లో కెనడా కంపెనీ కామిన్కోతో నానా చేసుకున్న ఒప్పందం వర్తకులు చదవదగినది. పెట్టుబడి తిరిగి రాబట్టుకొనే దాకా కరిగింపు ఖర్చులు పోను వచ్చిన సొమ్ములో 4.5 శాతం నానాకు. ఆ తర్వాత నికర రాబడిలో 25 శాతం. అక్కడి నుంచి ప్రతి అయిదేళ్ళకూ 5 శాతం చొప్పున పెరుగుతూ 50 శాతం వద్ద నిలుస్తుంది. 1989లో ఉత్పత్తి మొదలయింది, 2007లో 25 శాతం వంతు వచ్చింది, 2022 అక్టోబరు నుంచి 40 శాతం నడుస్తున్నది. 2027 అక్టోబరులో 45 అవుతుంది. కామిన్కో 2001లో టెక్ కంపెనీలో కలిసిపోయినా కాగితం మారలేదు. నానాకు వచ్చేదంతా నానాకే మిగలదు. గనుల రాబడిలో 70 శాతం తక్కిన ప్రాంతీయ కార్పొరేషన్లతో పంచుకోవాలని అదే 1971 చట్టం.

రాష్ట్ర ప్రభుత్వం వంతు దారి. గని నుంచి రేవు దాకా 84 కిలోమీటర్ల రోడ్డునూ రేవునూ అలాస్కా పారిశ్రామిక అభివృద్ధి సంస్థ తన డబ్బుతో కట్టి, టోలు రూపంలో రాబట్టుకుంటున్నది. రేవులో లోతు చాలదు గనుక కాన్సంట్రేటును పడవల మీద తీసుకుపోయి దూరాన లంగరు వేసిన పెద్ద ఓడల్లో నింపుతారు.

అసలు సంగతి ఇక్కడ వున్నది. నోఆటక్, కివలీనా గ్రామాల పెద్దలతో ఒక సంఘం వుంది. కివలీనా వారి బెలూగా తిమింగలాల వేట ముగిసేదాకా తొలి ఓడ రేవుకు రావడానికి లేదు. కారిబూ దుప్పుల మందలు రోడ్డు దాటుతుంటే లారీలు ఆగిపోతాయి. మన దగ్గర బండి ఒక పూట ఆగితే డెమరేజి లెక్కకట్టి గగ్గోలు పెడతాం. అక్కడ ఆ జాప్యాన్ని ఒప్పుకొనే పని మొదలుపెట్టారు.

అంతా సవ్యంగా సాగిందనీ కాదు. రోడ్డు వెంట సీసం ధూళి పడుతున్నదని 2001లో జాతీయ పార్కుల శాఖ అధ్యయనంలో తేలింది. ఆ తర్వాత లారీలకు గట్టి మూతలు వచ్చాయి. గని నీరు చేరే వూలిక్ నదినే కివలీనా వారు తాగుతారు. వారిలో కొందరు 2004లో కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది.

ఈ భాగస్వామ్యానికి గట్టి పరీక్ష పక్కనే వున్న ఆంబ్లర్ ప్రాంతంలో వచ్చింది. అక్కడి రాగి, జింకు నిక్షేపాలకు అదే అభివృద్ధి సంస్థ 211 మైళ్ళ రోడ్డు వేస్తామన్నది. గని పథకంలో నానాకు కూడా చేయి వుంది. అయినా షరతులు నెరవేరలేదంటూ తన భూమి మీద ఆ సంస్థకిచ్చిన అనుమతిని పొడిగించబోమని 2024 మే నెలలో చెప్పేసింది. 2025 అక్టోబరులో అధ్యక్షుడు ట్రంప్ రోడ్డు అనుమతులను మళ్ళీ తెరిపించారు. గని భాగస్వామి ట్రిలజీ మెటల్స్‌లో కేంద్ర ప్రభుత్వం 10 శాతం వాటాకు సిద్ధపడింది. వాషింగ్టన్ సంతకం పెట్టినంత మాత్రాన భూయజమాని మాట చెల్లిపోదు. ఆంబ్లర్ సరుకును ఇప్పటి నుంచే లెక్కలో వేసుకోవడం తొందరపాటని మా అభిప్రాయం.

రెడ్ డాగ్‌లో ఇప్పుడు తవ్వుతున్న ఖనిజం 2031 నాటికి అయిపోతుందని కంపెనీ లెక్క. కొన్ని మైళ్ళ అవతల అనారాక్, అక్టిగిరూక్ అనే పెద్ద నిక్షేపాలు వున్నాయిగాని అవి నానా భూమిలో లేవు, రాష్ట్ర ప్రభుత్వ భూమిలో వున్నాయి. బరో ప్రభుత్వం ఖర్చులో సింహభాగం ఈ గని సొమ్ముతోనే గడుస్తున్నది గనుక అక్కడి బేరం కొత్తగా మాట్లాడుకోవలసి రావచ్చు. అది తెమిలేదాకా జింకు వర్తకులు జూలైలో తొలి ఓడ ఎప్పుడు కదిలిందో వాకబు చేస్తూ వుండడం మంచిది.