ఒక యంత్రములో మరొక యంత్రము

సమతల దర్పణము ముందు నిలిచిన మనిషికి అద్దము వెనుక తనవంటి మనిషియే కనిపించును. వెనుకకు వెళ్లి చూచినచో అచ్చట గోడ తప్ప మరేమియు లేదు. ఇట్టి ప్రతిబింబమును భౌతికశాస్త్రము మిథ్యాప్రతిబింబమని పిలుచుచున్నది. మిథ్య అన్నంత మాత్రమున నిరుపయోగమని అర్థము కాదు. ఆ ప్రతిబింబమును చూచియే కదా మనిషి గడ్డము గీసికొనుటయు, బస్సు నడుపువాడు వెనుక వచ్చు లారీని కనిపెట్టుటయు!

కంప్యూటరు లోపల కూడ ఇట్టి ప్రతిబింబమును నిలుపవచ్చును. విండోసుతో నడుచు తన లాప్‌టాపులో, ఉన్నదానిని చెరుపకుండ, లినక్సు నేర్చుకొనవలెనని ఒక విద్యార్థి తలచెననుకొందము. అతడు వర్చువల్‌బాక్సు వంటి ఒక ప్రోగ్రామును స్థాపించును. అది తెరమీద ఒక కిటికీని తెరచి, అందులో ఒక పూర్తి కంప్యూటరును చూపును. దానికొక ప్రాసెసరు, కొంత మెమరీ, ఒక డిస్కు ఉన్నట్లే ఉండును. అందులో ప్రవేశించిన లినక్సు, తాను నిజమైన యంత్రమునందే ఉన్నానని నమ్మి పనిచేయును. దీనినే మిథ్యాయంత్రమనవచ్చును, వాడుకలో వర్చువల్ మెషీన్ అందురు. ఆండ్రాయిడ్ ఫోనులకు ప్రోగ్రాములు వ్రాయువారు ఫోనును కొనకయే ఇందులో పరీక్షింతురు. అనుమానము గల ఫైలును అసలు యంత్రమునకు ముప్పు తగులకుండ ఇందులో తెరచి చూచువారు కలరు.

అయితే మొదటి ప్రయత్నములోనే చాలమందికి ఒక అడ్డంకి ఎదురగును. ఈ యంత్రమున హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ లభించుట లేదని ఒక సందేశము తెరమీద ప్రత్యక్షమై పని నిలిచిపోవును. సెకండ్‌హ్యాండులో కొన్న లాప్‌టాపు అయినచో మోసపోయితిమని విచారము. క్రొత్తది కొనుటకు అప్పు ఎక్కడ దొరకునని ఇంటిల్లిపాదికి చింత. నిజమునకు ఈ సందేశమునకు మూడు వేరువేరు కారణములు ఉండవచ్చును. ప్రాసెసరులో ఆ ఏర్పాటు అసలు లేకపోవచ్చును. ఉండియు మూయబడి ఉండవచ్చును. తెరచియుండియు, దానిని మరొక ప్రోగ్రాము ముందుగనే ఆక్రమించి ఉండవచ్చును. ఈ మూడింటిలో క్రొత్త యంత్రమునకై ఆలోచింపవలసినది మొదటి సందర్భమున మాత్రమే. తక్కిన రెంటికి పైసా ఖర్చు లేదు.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమయ్యెనో ముందు తెలిసికొనుట మంచిది. ప్రాసెసరు పాటించు ఆజ్ఞలన్నియు ఒక తరగతివి కావు. రెండు సంఖ్యలను కూడుట వంటి ఆజ్ఞను ఏ ప్రోగ్రామైనను ఈయవచ్చును. మెమరీని పంచుట, బయటి పరికరములనుండి వచ్చు పిలుపులను ఆపుట వంటి ఆజ్ఞలను ఈయగల అధికారము ఆపరేటింగ్ సిస్టమునకు మాత్రమే కలదు. చెరువు క్రింద పొలమున్న రైతులందరు తమ మడిలో గట్లు వేసికొనవచ్చును గాని, తూము ఎత్తు అధికారము నీరటికి మాత్రమే ఉన్నట్టిది ఈ ఏర్పాటు. ఇప్పుడు ఒకే చెరువునకు ఇద్దరు నీరటులు వచ్చి, ఎవరికి వారు తామే అధికారులమనుకొన్నచో ఏమగును? మిథ్యాయంత్రమును పెట్టినప్పుడు సరిగా ఇదియే చిక్కు. విండోసు ఒక యజమాని. కిటికీలోని లినక్సు తానును యజమానినే అనుకొనుచుండును.

ఈ చిక్కునకు విరుగుడును 1960 దశకముననే కనిపెట్టిరి. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం సంస్థ నిపుణులు సీపీ-40 అను వ్యవస్థను నిర్మించిరి. 1967 నాటికి అది ఒక పెద్ద కంప్యూటరును పలువురికి పంచి, ఎవరి కంప్యూటరు వారికి ప్రత్యేకముగ ఉన్నట్లు చూపుచుండెను. 1972లో అదే సంస్థ వీఎం/370 అను పేర ఈ పద్ధతిని తన వినియోగదారులందరకు అందించెను. ఉపాయము సులభమైనదే. లోపలి ఆపరేటింగ్ సిస్టమునకు అధికారమీయకుండ సామాన్య ప్రోగ్రాముగనే నడుపవలెను. అది అధికారపు ఆజ్ఞను ఈయబోయిన క్షణమున ప్రాసెసరు దానిని ఆపి, పైనున్న పర్యవేక్షక ప్రోగ్రామునకు తెలుపవలెను. పర్యవేక్షకుడు ఆ పనిని తగినట్లు తానే చేసి, లోపలివానికి అంతయు సక్రమముగ జరిగినట్లు తోపించును. ఇది సాధ్యమగుటకు ప్రాసెసరునకు ఉండవలసిన లక్షణమును 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సూత్రీకరించిరి. యంత్రపు స్థితిని మార్చు లేక బయటపెట్టు ప్రతి ఆజ్ఞయు, అధికారము లేనివాడు ఇచ్చినచో, తప్పక పట్టుబడవలెనని దాని సారము.

లాప్‌టాపులలో ఉండు ఇంటెల్ వంశపు ప్రాసెసరులు ఈ పరీక్షలో చాలకాలము తప్పినవి. ఉదాహరణమునకు పాప్‌ఎఫ్ అను ఆజ్ఞను చూడుడు. బయటి పిలుపులను కొంతసేపు ఆపుటకు ఆపరేటింగ్ సిస్టము దీనిని వాడవచ్చును. అధికారము లేని ప్రోగ్రాము దీనిని ఇచ్చినచో ప్రాసెసరు ఆ పిలుపులను ఆపదు. తప్పు జరిగెనని ఎవరికిని చెప్పదు. ఏమియు జరుగనట్లు ముందునకు సాగిపోవును. లోపలి లినక్సు పిలుపులు ఆగినవని నమ్ముచుండును, అవి ఆగియుండవు, పర్యవేక్షకునకు వార్తయే అందదు. తూము ఎత్తబోయిన రైతును పట్టుకొనువాడును లేడు, తూము లేవలేదని అతనికి చెప్పువాడును లేడు! పెంటియం ప్రాసెసరులో ఇట్టి జారిపోవు ఆజ్ఞలు 17 ఉన్నవని 2000 సంవత్సరమున రాబిన్, అర్విన్ అను పరిశోధకులు లెక్క తేల్చిరి.

అట్లని పని ఆగలేదు. 1999లో వీఎంవేర్ సంస్థ లోపలి ఆపరేటింగ్ సిస్టము యొక్క ఆజ్ఞలను నడుచుచుండగనే పరిశీలించి, చిక్కు తెచ్చువానిని వేరు ఆజ్ఞలుగ మార్చి వ్రాయు ప్రోగ్రామును విడుదల చేసెను. సాహసమనదగిన పని అది. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి వెలువడిన జెన్ మరొక దారి పట్టెను. అందు లోపలి సిస్టమునే కొంత సవరింపవలెను. చివరకు 2005 నవంబరులో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసరులకే క్రొత్త ఏర్పాటును చేర్చినవి. మొదటిదాని పేరు వీటీ-ఎక్స్. రెండవదాని పేరు ఏఎండీ-వీ. వీనియందు ప్రాసెసరునకు పర్యవేక్షకుని స్థితి, అతిథి స్థితి అని రెండు స్థితులు కలవు. అతిథి సిస్టము తన స్థితిలో పూర్తి యజమానివలెనే మెలగును. పర్యవేక్షకుడు ముందుగ గుర్తించియుంచిన ఆజ్ఞ వచ్చినప్పుడు మాత్రము ప్రాసెసరే స్థితిని మార్చి అతనికి పగ్గములు అప్పగించును. హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ అన్నది ఇదియే.

ఇక పరీక్ష. లాప్‌టాపుపై అంటించిన చీటీని చూచి నిర్ణయింపరాదు. ప్రాసెసరునే అడుగవలెను. సీపీయూ ఐడీ అను ఒక ఆజ్ఞ ఇచ్చినచో ప్రాసెసరు తన లక్షణములను బిట్ల వరుసగ చెప్పును. ఇంటెల్ ప్రాసెసరయినచో మొదటి ప్రశ్నకు వచ్చు జవాబులో, ఈసీఎక్స్ రిజిస్టరునందు, సున్న మొదలు లెక్కించిన 5వ బిట్టు 1గా ఉండవలెను. ఏఎండీకి వేరొక ప్రశ్న. అందు 2వ బిట్టు. ఈ బిట్లను చేతితో చదువనక్కరలేదు. లినక్సు వాడువారు ఎల్‌ఎస్‌సీపీయూ అను ఆదేశమును టైపు చేసినచో వర్చువలైజేషన్ అను వరుసలో ఏర్పాటు పేరు కనిపించును. ప్రాసెసరు లక్షణముల పట్టికలో ఇంటెలునకు వీఎంఎక్స్, ఏఎండీకి ఎస్‌వీఎం అను అక్షరములు ఉండును. ఒక జాగ్రత్త కలదు. పూర్వపు లినక్సు కెర్నెళ్లు ఏర్పాటు మూయబడియున్నను వీఎంఎక్స్ అని చూపుచుండెడివి. 2020 తర్వాతివి మూయబడినచో ఆ పేరునే దాచును. కనుక ఆ పేరు కనబడనంత మాత్రమున ప్రాసెసరునే నిందింపరాదు. ప్రాసెసరు మోడలు సంఖ్యను తీసికొని, తయారుచేసినవారు ప్రకటించిన లక్షణముల పట్టికలో చూచుటయే తుది తీర్పు. 2008 నాటి చిన్న లాప్‌టాపులలో విరివిగ వాడిన ఆటమ్ ఎన్270 వంటివానిలో ఈ ఏర్పాటు నిజముగనే లేదు.

విండోసునందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు పెర్‌ఫార్మెన్స్, తరువాత సీపీయూ అనువానిని ఎంచినచో క్రింద వర్చువలైజేషన్ అను వరుస కలదు. ఎనేబుల్డ్ అని ఉన్నచో తలుపు తెరచియున్నది. డిసేబుల్డ్ అని ఉన్నచో మూయబడినదని మాత్రమే అర్థము, లేదని కాదు. ఈ ఒక్క మాటను తప్పుగ చదివి మంచి యంత్రమును అమ్ముకొనుట పొరపాటు.

మూసినదెవరు? లాప్‌టాపు మేల్కొనగనే, విండోసుకన్న ముందు, దాని పలకపైనున్న ఫర్మ్‌వేర్ అను చిన్న ప్రోగ్రాము నడుచును. దీనినే పాత వాడుకలో బయోస్ అందురు. ఇంటెల్ యంత్రములలో ఈ ఏర్పాటును అనుమతించు ఒక బిట్టును, దానికి తాళము వేయు మరొక బిట్టును ఒక రిజిస్టరునందు ఉంచిరి. ఫర్మ్‌వేర్ అనుమతి ఈయకుండ తాళము వేసినచో, యంత్రమును మరల ప్రారంభించువరకు ఎవరును దానిని మార్చలేరు. విండోసునకు సైతము ఆ అధికారము లేదు. ఇంత కట్టుదిట్టము వ్యర్థము కాదు. 2006లో జోవన్నా రుట్‌కోవ్‌స్కా అను పరిశోధకురాలు బ్లూ పిల్ అను ప్రోగ్రామును ప్రదర్శించిరి. అది నడుచుచున్న విండోసును దానికి తెలియకుండనే మిథ్యాయంత్రములోనికి దింపి, తాను పర్యవేక్షకుని స్థానమున కూర్చుండెను. అక్కరలేనివారి యంత్రములలో తలుపు మూసియుంచుటకు ఇట్టి భయమును ఒక కారణముగ చెప్పవచ్చును.

తలుపు తెరచు విధము ఇది. యంత్రమును ప్రారంభించిన వెంటనే ఎఫ్2, ఎఫ్10, డిలీట్ వంటి మీటలలో ఆ లాప్‌టాపునకు చెందినదానిని నొక్కి ఫర్మ్‌వేర్ అమరికలలోనికి పోవలెను. మీట తెలియనిచో విండోసు అమరికలలో రికవరీ, అందు అడ్వాన్స్‌డ్ స్టార్టప్ ద్వారా కూడ అచ్చటికి చేరవచ్చును. ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనియో, వీటీ-ఎక్స్ అనియో, ఏఎండీ యంత్రములలో ఎస్‌వీఎం మోడ్ అనియో వ్రాసియున్న వరుసను ఎనేబుల్డ్ చేసి భద్రపరచవలెను. వీటీ-డీ అని మరొకటి కనిపించును. అది బయటి పరికరములను మిథ్యాయంత్రమునకు అప్పగించుటకు ఉద్దేశింపబడినది, ఈ పనికి అవసరము లేదు. కొన్ని పాత యంత్రములలో మరల ప్రారంభించుట చాలదు. పూర్తిగ ఆర్పి వెలిగింపవలెను. బిట్‌లాకర్‌తో డిస్కుకు తాళము వేసియున్నచో, ఫర్మ్‌వేరును మార్చిన పిదప అది రికవరీ సంఖ్యను అడుగవచ్చును. ఆ 48 అంకెలను ముందే కాగితముపై వ్రాసి ఉంచుకొననివారు తమ ఫైళ్లకే దూరము కావచ్చును. తెలియని ఇతర అమరికల జోలికి పోరాదు.

తలుపు తెరచినను మిథ్యాయంత్రము లేవనిచో మూడవ కారణమును చూడవలెను. విండోసు సిస్టమ్‌ఇన్ఫో అను ఆదేశమునకు జవాబుగ తుదిలో హైపర్-వీ అవసరములను నాలుగు వరుసలలో చెప్పును. ఆ నాలుగింటికి బదులు, హైపర్‌వైజరు కనుగొనబడినదను వాక్యము వచ్చినచో, పర్యవేక్షకుని పీఠము ఖాళీగ లేదని అర్థము. లినక్సును విండోసులోనే నడుపు డబ్ల్యుఎస్‌ఎల్ 2, మెమరీ ఇంటెగ్రిటీ అను రక్షణ వంటివి ఆ పీఠమును వాడుకొనుచుండును. అప్పుడు ఇతర ప్రోగ్రాములు వానితో సర్దుకొని నెమ్మదిగ నడువవచ్చును, లేక నిరాకరింపవచ్చును. మెమరీ ఇంటెగ్రిటీని తీసివేయుట యంత్రపు రక్షణను తగ్గించుటయే గనుక, లినక్సు నేర్చుకొనుటయే పని అయినచో ఆ డబ్ల్యుఎస్‌ఎల్ 2నే వాడుకొనుట మేలు.

ఆపిల్ లాప్‌టాపులలోను, ఆర్మ్ ప్రాసెసరులు గల ఇతర లాప్‌టాపులలోను మరొక విశేషము కలదు. 2020లో వచ్చిన ఎం1 మొదలు ఆపిల్ ప్రాసెసరులలో వర్చువలైజేషన్ ఏర్పాటు ఉన్నది. కాని అద్దము ముందు నిలిచినదియే అద్దములో కనిపించినట్లు, ఆర్మ్ ప్రాసెసరుపై ఆర్మ్ భాష తెలిసిన అతిథియే ఈ విధముగ నడువగలదు. ఇంటెల్ కొరకు వ్రాసిన విండోసును అందులో పెట్టవలెనన్న ప్రతి ఆజ్ఞను అనువదింపవలెను. అది వేరు విద్య, చాల నెమ్మదియైనది.

ఏర్పాటే లేని పాత లాప్‌టాపు గలవారికి మిగిలినదియు ఆ అనువాద మార్గమే. వర్చువల్‌బాక్సు 2019లో వచ్చిన 6.1వ కూర్పుతో ఈ ఏర్పాటు లేని ప్రాసెసరులకు సాయమును మానుకొనెను. క్యూఎము అను ఉచిత ప్రోగ్రాము మాత్రము ప్రాసెసరు సాయము లేకయే అతిథి ఆజ్ఞలను అనువదించుకొని నడుపగలదు. రంగురంగుల తెరలను అందులో ఆశింపరాదు. అక్షరములు మాత్రమే చూపు చిన్న లినక్సును ఎంచుకొని, దానికి 256 మెగాబైట్ల మెమరీ కేటాయించినచో, ఆదేశములు నేర్చుకొను విద్యార్థికి అది నిదానముగనైనను పనిచేయును.