రెండంచుల గొడ్డలి ఊరు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తర భాగంలో, నమకాగన్ నది ఒడ్డున హేవర్డ్ అనే ఊరుంది. జనాభా రెండున్నర వేలు. మన దగ్గరైతే ఓ మోస్తరు పంచాయతీ. ఏటా వేసవిలో కొద్దిరోజులు ఆ ఊళ్లో అడుగు పెట్టడానికి చోటుండదు. దేశదేశాల నుంచి గొడ్డళ్లు, రంపాలు పట్టుకుని పోటీదారులు దిగుతారు. ప్రపంచ లంబర్‌జాక్ పోటీలు జరిగేది ఇక్కడే. చెట్టు కొట్టేవాడి పనితనమంతా ఆ కొద్దిరోజుల్లో పందెమైపోతుంది. గొడ్డలి విసరడం అందులో ఒకటి.

పోటీల మైదానాన్ని లంబర్‌జాక్ బౌల్ అంటారు. జనం కూర్చునే గ్యాలరీల ముందు నిండుగా నీళ్లు. ఒకప్పుడు నార్త్ విస్కాన్సిన్ లంబర్ కంపెనీ తన సామిల్లు కోసం దుంగలు నిల్వ ఉంచిన మడుగు అది. చలికాలమంతా తెల్ల పైన్ చెట్లు నరికి, గడ్డకట్టిన బాటల మీదుగా దుంగల్ని ఏటి గట్టుకు చేర్చేవారు. వసంతంలో మంచు కరిగి ఏరు పోటెత్తగానే నీళ్లలోకి దొర్లించేవారు. మేకులు దిగేసిన బూట్లతో ఆ దుంగల మీదే నిలబడి, అవి అడ్డంపడకుండా మిల్లుదాకా తోలుకొచ్చేవారు. కాలు జారితే దుంగల నడుమ నలిగిపోవడమే. ఇప్పుడు అదే మడుగులో తేలే దుంగ మీద ఇద్దరు నిలబడి, దాన్ని కాళ్లతో తిప్పుతూ ఎదుటివాణ్ని నీళ్లలో పడేసే పోటీ జరుగుతోంది.

ఇక గొడ్డలి సంగతి. ఇక్కడ విసిరేది రెండు పక్కలా అంచున్న గొడ్డలి. అడవి శిబిరాల్లో కూలీ ఒక అంచును ఆకురాయితో అరగదీసి, సానబెట్టి, చెట్టు కొట్టడానికే అట్టిపెట్టుకునేవాడు. రెండో అంచు కాస్త మొద్దుగా ఉంచి కణుపులు, వేళ్లు కొట్టడానికి, మట్టి తగిలే చోట వాడేవాడు. పదును పోయిందని మాటిమాటికీ పని ఆపక్కర్లేదు. పని ముగిశాక అదే గొడ్డలిని మొద్దుకేసి విసురుతూ పందాలు కాసేవారని, ఈ ఆట అలా పుట్టిందని చెబుతారు.

పోటీలో గురికి 20 అడుగుల దూరంలో నిలబడాలి. గురి 36 అంగుళాల చెక్క చక్రం. నడిబొడ్డున 4 అంగుళాల చుక్క, అందులో దిగితే 5 పాయింట్లు. రెండు చేతులా కామ పట్టుకుని, తల మీదుగా వెనక్కి తీసుకుని, ముందుకు అడుగేస్తూ వదులుతారు. గొడ్డలి గాలిలో ఒక్క చుట్టు తిరిగి అంచుతో దిగాలి. కండబలం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. మణికట్టు కాస్త విదిలించినా, నిలబడే చోటు కొంచెం అటూఇటూ అయినా చుట్టు లెక్క తప్పుతుంది. కామ బల్లకు కొట్టుకుని గొడ్డలి కింద పడుతుంది. కుదిరిన విసురుకు మాత్రం ఠక్కున ఒకే ఒక చప్పుడు వినిపిస్తుంది.

ఇంత విద్య చూపించిన చేతులే ఆ అడవిని మిగల్చలేదన్న మాటా చెప్పుకోవాలి. ఇది మూలవాసులైన ఒజిబ్వే జనం నేల. అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1837 ఒడంబడిక వల్ల విస్కాన్సిన్ పైన్ అడవులు వాళ్ల చేతుల్లోంచి చాలామటుకు జారిపోయాయి. 1854 ఒడంబడిక వాళ్లకంటూ కేటాయించిన ప్రాంతంగా లా కూడొరే రిజర్వేషన్‌ను మిగిల్చింది. హేవర్డ్‌కు అది కూతవేటు దూరం. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలకే పాత తెల్ల పైన్లు దాదాపు కనుమరుగయ్యాయి. మోళ్లు మిగిలిన నేలలో సేద్యం చేయబోయిన వాళ్లలో చాలామంది చేతులు కాల్చుకున్నారు. కలప లేదు, పంట లేదు, చివరికి సరస్సుల కోసం వచ్చే పర్యాటకులే ఊరికి దిక్కయ్యారు. అలాంటి పరిస్థితుల్లో టోనీ వైజ్ అనే స్థానికుడు 1960లో ఈ పోటీలు మొదలుపెట్టాడు. తర్వాత అవి టీవీకెక్కాయి. నరికివేత కథ ముగిసిన మడుగునే ఊరికి బతుకుతెరువుగా మలచడం ఆయన గొప్పతనం. ఒజిబ్వేల కథకూ ఈ సంబరంలో గ్యాలరీల సందడికి సమానమైన చోటు దక్కాలన్నది నా అభిప్రాయం.

2006లో టొరంటోలో ఒక పెరట్లో మొదలైన స్నేహితుల పోటీలు ఈ ఆటను నగరాల్లోకి తెచ్చాయి. అక్కడ గొడ్డలి చిన్నది, అంచు ఒకటే, దూరం 12 అడుగులకు తగ్గింది. సాయంత్రం గంటసేపు విసిరి ఇంటికెళ్లొచ్చు. అమెరికాలోని మన పిల్లలూ ఆఫీసు పార్టీలకు ఇలా గొడ్డలి విసిరే గదులకు వెళ్తున్నారు. సరదాకు అది చాలు. కానీ ఆ గొడ్డలి వెనక ఉన్న చలి, ఏరు, చాకిరి ఆ గదుల్లో కనిపించవు.

మిన్నియాపొలిస్ నుంచి హేవర్డ్‌కు కారులో రెండున్నర గంటల దారి. అక్కడున్న తెలుగువాళ్లు ఈసారి వేసవిలో పిల్లల్ని తీసుకెళ్లండి. పోటీలు చూశాక లా కూడొరే వైపు కూడా ఒక పూట వెళ్లి రండి.